సంత్రాగాఛి చెరువుకు కామెర్లు

సంత్రాగాఛి చెరువు మీద సృష్టికర్త ప్రతి సాయంత్రమూ ఒక సూర్యాస్తమయాన్ని రచిస్తాడు. బెంగాలీ గడ్డమీది న్యూ టౌన్‌లో పనిచేసే తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ధనుంజయ్ అభిప్రాయంలో ఆ రచనకు సవరణలు అవసరం. అవన్నీ పూర్తిచేసిన తన పనోరమాను చెరువుగట్టున నిలబడి, ఫోనులో అమ్మకు తెలుగులో వర్ణించి పెట్టేశాడో లేదో, వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"చెరువుకి కామెర్లొచ్చాయేటి?"

రైల్వే క్వార్టర్సు అమ్మాయి, సుజన. అతడి భుజం మీదుగా ఫోనులోకి చూస్తోంది.

"ఇది హెచ్‌డీఆర్ అండీ," అన్నాడతడు, గాయపడిన చక్రవర్తి గాంభీర్యంతో. "ఒకే దృశ్యాన్ని చీకటిగా, మధ్యస్థంగా, వెలుతురుగా తీసి కలుపుతాం. అలాంటివి పక్కపక్కన అతికిస్తే పనోరమా."

"చెట్ల చుట్టూ ఆ తెల్లటి వెలుగేటి మరి? దేవుళ్ళా అవి?"

చక్రవర్తి ఫోనును జేబులో దాచుకున్నాడు.

"నీడని నీడలాగ ఉండనియ్యండి దాదా. మా కంటికి కనిపించినట్టు తీస్తే మాకొకటియ్యండి. నాన్న రిటైరవుతున్నారు, టెక్కలి ఎళ్ళిపోతాం. ఈ చెరువు బొమ్మ అక్కడ మా ఇంటి గోడమీదుండాలని అమ్మ కోరిక."

కామెర్ల కంటే, అన్నయ్యను చేసేసిన ఆ బెంగాలీ 'దాదా' అతణ్ణి ఎక్కువ బాధించింది.

అది మొదలు ఆదివారాలన్నీ సంత్రాగాఛికే అంకితమయ్యాయి. అతడు రంగులను అణచాడు. నీడలకు వాటి చీకటిని తిరిగి అప్పగించాడు. పలచని మంచులో బాతులు తేలేవి, ఎక్కడో లోకల్ రైలు కలలో కూసినట్టు కూసేది, మట్టిముంతలోని చాయ్ ఆవిరి వెనక సుజన ముఖం కాసేపు ఉండీ లేనట్టుండేది. ఆమె 'దాదా' అనడం ఏ ఆదివారం మానేసిందో చరిత్రకారులు నమోదు చేయలేదు.

చిత్రం సహజమయ్యే కొద్దీ అతడికి దిగులు పెరిగింది. అది పూర్తయితే రావడానికి సాకు ఉండదు. అందుకే ప్రతిసారీ ఒక లోపాన్ని భక్తిగా కనిపెట్టేవాడు.

"మళ్ళీ ఏటి బాగోలేదు?"

"ఆ మూల మబ్బు."

"మబ్బుకేటైంది? మీకే ఏదో అయింది."

సామాను కట్టే రోజు రానే వచ్చింది. ధనుంజయ్ ఇక దాచలేక, చట్రం కట్టించిన చిత్రాన్ని వాళ్ళింటికి తెచ్చాడు. చెరువు చెరువులాగే ఉంది. సుజన తండ్రి బైరాగి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"మాకొకర్తే గదా పిల్ల. ఇక్కడిద్దరున్నారేటి బాబూ?"

నిజమే. ఎడమ చివర క్వార్టర్ల గోడ దగ్గర ఒక సుజన, కుడి చివర ట్రైపాడ్ నీడ పక్కన ఇంకో సుజన.

"నేను కెమెరా తిప్పుతుంటే తను ఇటు నడిచొచ్చింది," అన్నాడు ధనుంజయ్. "ఒకరిని తుడిచేసి ఇంకో ప్రింటు వేయించవచ్చు. ముందే చెయ్యాల్సింది. చెయ్యబుద్ధి కాలేదు." గొంతు సవరించుకున్నాడు. "ఎవరిని ఉంచమంటారో..."

సుజన చిత్రం దగ్గరికొచ్చి ఎడమవైపు వేలు పెట్టింది.

"క్వార్టర్సుకాడ ఉన్నదాన్ని తుడిచెయ్యండి," అంది తలెత్తకుండా. "మీకాడున్నదాన్ని ఉంచండి."

ధనుంజయ్‌కి తెలిసిన భాషలన్నీ ఒకేసారి సెలవు పెట్టాయి. బైరాగి భార్యవైపు చూశాడు. అమ్మన్నమ్మ చిత్రాన్ని అందుకుని, కొంగుతో అద్దం తుడిచింది.

"ఏదీ తుడపకు బాబూ," అంది. "ఆ గోడకాడున్నది పిల్ల పుట్టింటికొచ్చినప్పటిదనుకుంటాం."