గోదారి అవతలి సంబంధం

సుబ్బరత్నం సర్దిన సంచిని మళ్ళీ మంచం మీద కుమ్మరించింది. టార్చిలైటు, దానికి వేరే సెల్లులు, అమృతాంజనం సీసా, పులిహోర డబ్బా, కందిపొడి, రెండేసి జతల బట్టలు, గట్టి నైలాన్ తాడు. అన్నీ ఉన్నాయి. అయినా ఏదో మరిచిపోయినట్టే ఉంది ఆమెకి.

"అమ్మా, ఈ తాడెందుకే?" అంది ఉదయశ్రీ.

"ఎందుకైనా మంచిది."

"మనం పోయేది చేపలు పట్టడానికి. నన్ను కట్టెయ్యడానికి కాదు గదా."

"కట్టెయ్యాల్సి వస్తే కట్టేస్తా. నీళ్ళు కనబడితే నీ కాలు నిలవదు."

వసారాలో కొత్త గాలాలకు దారం కడుతున్న వెంకటనారాయణ నవ్వాడు. నేలకొండపల్లిలో ఆయనకి వరి పొలం, ఎరువుల కొట్టు ఉన్నాయి. చేపల పిచ్చి కూడా ఉంది. చిన్ననాటి స్నేహితుడు బాలకృష్ణది దుమ్ముగూడెం దగ్గర పల్లె. గోదారి మధ్యలో ఉన్న లంకలో మిర్చి వేస్తాడు. కోతలైపోయాయి, గుడిసెలు ఖాళీగా ఉన్నాయి, రెండు రోజులు ఉండిపొండి, దుప్పులొస్తాయి, నీటికుక్కలొస్తాయి అని కబురు పెట్టాడు.

"నాకు తెలుసులెండి," అంది సుబ్బరత్నం గొంతు తగ్గించి. "దుప్పుల్ని చూపించడానికి కాదు పిలిచింది. ఆయన కొడుకుని చూపించడానికి. ముందే చెబుతున్నా, గోదారి దాటించి పిల్లనివ్వను."

"ఎవరిమ్మన్నారే? చేపలే గదా."

తలుపు పక్కన నిలబడి ఉదయశ్రీ అంతా వింది. ఎవరో తెలియని ఆ కొడుకు మీద అప్పటికప్పుడు కోపం వచ్చింది. అద్దం దగ్గరికి వెళ్ళి జడ మాత్రం విప్పి మళ్ళీ అల్లుకుంది.

అది రెండువేల ఆరు, ఏప్రిల్ నెల.

భద్రాచలం వంతెన మీద బస్సు వెళ్తున్నంతసేపూ సుబ్బరత్నం కళ్ళు మూసుకునే ఉంది.

రేవులో నాటుపడవ దగ్గర ఒక యువకుడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిలబడి ఉన్నాడు. బాలకృష్ణ కొడుకు జయప్రకాశ్. పాల్వంచలో పవర్ స్టేషన్ ఉద్యోగం, షిఫ్టు డ్యూటీ. పడవ చిన్నది కాబట్టి ముందు వెంకటనారాయణని, సామాన్లని ఎక్కించాడు. సుబ్బరత్నం వైపు తిరిగి, "పిన్నీ, మీరు చెట్టు నీడకు కూర్చోండి. మళ్ళొచ్చి తీస్కపోత," అన్నాడు.

పిన్ని అనగానే సుబ్బరత్నం ప్రాణం కుదుటపడింది. పిన్ని కూతురు చెల్లెలవుతుంది. ఇక భయం లేదు.

అతను గెడతో ఒడ్డుని నెట్టాడు. పడవ కదిలింది.

"ఏమండీ! ఎక్కడికి? మమ్మల్నొదిలేసి?" అని అరిచింది ఉదయశ్రీ.

గెడ ఆగిపోయింది. "అయ్యో, అడిగేశావా!" అన్నాడు వెంకటనారాయణ తల పట్టుకుని. జయప్రకాశ్ పడవని మళ్ళీ ఒడ్డుకి లాగాడు. దిగి వచ్చి ఇసుకలో చతికిలబడి, సీసాలో నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు.

"ఏంటండీ, ఎందుకు కూర్చున్నారు?"

"నువ్వే కూర్చోబెట్టినవ్. పడవ కదిలేటప్పుడు ఎక్కడికి అంటే గోదారి మీదికి పోం. దిగాలె, కూర్చోవాలె, నీళ్ళు తాగాలె. అప్పుడు పోవాలె."

"ఇంజనీరింగ్ చదివారటగా?"

"డిప్లొమా. అది కరెంటుకి. ఇది గోదారికి."

"ఎంతసేపు కూర్చోవాలి?"

"అడిగినోళ్ళ మీద కోపం పోయేదాక," అన్నాడు అతను. ఇంకో గుక్క తాగాడు. తీరిగ్గా.

ఉదయశ్రీ మొహం తిప్పుకుంది, నవ్వు కనబడకుండా. సుబ్బరత్నానికి ఈ పట్టింపు నచ్చింది. భయమున్న పిల్లాడే అనుకుంది.

లంకలో రెండు గుడిసెలు, కోసేసిన మిర్చి మోళ్ళు, చుట్టూ తెల్లటి ఇసుక. వంటకి జంపక్క ఉంది. అవతలి గూడెం మనిషి, ఏటా లంకలో పనికొచ్చేది. చేపల పులుసు ఆమె చేతిదే తినాలని, పని పడి ఊళ్ళోనే ఆగిపోయిన బాలకృష్ణ మరీ మరీ చెప్పి పంపాడు.

మర్నాడు పొద్దున్నే జయప్రకాశ్ వలలు తీయడానికి పడవ నెట్టాడు.

"ఎక్కడికి?" అంది ఉదయశ్రీ, పళ్ళు తోముకుంటూ.

అతను దిగాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు. లేచి మళ్ళీ నెట్టాడు.

"ఎక్కడికో చెప్పనే లేదు మీరు."

మళ్ళీ దిగాడు.

జంపక్క పొయ్యి దగ్గర నుంచి కేక వేసింది. "ఏంది బాబూ, పొద్దుగాల్నుంచి కూసుంటనే ఉన్నవ్? చాపలు నడిసొస్తయా?"

"కావాలనే అడిగినవ్ కదా?" అన్నాడు అతను ఉదయశ్రీతో.

"అవ్," అంది ఆమె, అతని యాసలోనే.

అతనికి నీళ్ళు పొలమారాయి.

చివరికి వెంకటనారాయణని కూడా ఎక్కించుకుని ముగ్గురూ లంక ఎగువ కొసకి వెళ్ళారు. వెంకటనారాయణ గాలం వేసి, బెండు మీద నుంచి చూపు కదల్చకుండా కూర్చున్నాడు. ఇసుక దిబ్బ చాటున జయప్రకాశ్ వేలు పెదాల మీద పెట్టుకుని చూపించాడు. దుప్పులు. మూడు పెద్దవి, ఒక పిల్ల. అడవి ఒడ్డు నుంచి పాయ దాటి వచ్చి, చెవులు ఇటూ అటూ తిప్పుతూ నీళ్ళు తాగుతున్నాయి. పిల్ల తాగడం మానేసి తల్లి కడుపు కిందికి దూరింది.

ఉదయశ్రీ ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. అతను దుప్పుల్ని చూడటం లేదని కాసేపటికి తెలిసింది.

"దుప్పులు అటున్నాయి," అంది గుసగుసగా.

"నేను రోజూ చూసేటియే."

"మా అమ్మ గోదారి దాటించి ఇవ్వనంది. తెలుసా?"

"తెలుసు. మీ నాన్న ఫోన్ల చెప్పిండు."

"మరెందుకొచ్చారు?"

"ఎందుకనుకున్నవ్? వారమంతా నైట్ డ్యూటీ చేస్తనని ఒప్పుకొని షిఫ్టు మార్చుకున్న. చేపల కోసమా?"

ఆమె ఇసుకలో గీతలు గీసింది. "మరి మా అమ్మని పిన్నీ అని ఎందుకు పిలిచారు? నేను మీకు చెల్లెల్నా?"

జయప్రకాశ్ ఉలిక్కిపడ్డాడు. నిజంగానే ఆలోచించలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పిన్నీ అనడం అలవాటు. "గంత పెద్ద తప్పు చేసిన్నా?"

"చేశారు."

"మధ్యాహ్నానికి దిద్దుకుంట."

ఆమె చటుక్కున నవ్వింది. దుప్పులు తలెత్తి చూసి, ఒక్క దూకులో పాయలో పడి ఈదుకుంటూ వెళ్ళిపోయాయి.

"అరే! నా చేప కూడా పోయిందిరా!" అన్నాడు వెంకటనారాయణ దూరం నుంచి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర జయప్రకాశ్ గరిట అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, ఇంకో ముక్క వేసుకోండి."

సుబ్బరత్నం చేతిలో ముద్ద ఆగిపోయింది. వెంకటనారాయణ పులుసులో ముల్లు వెతకడం మొదలుపెట్టాడు. ఉదయశ్రీ తల ఎత్తలేదు.

"నిన్నటిదాకా పిన్నినే గదా బాబూ?" అంది సుబ్బరత్నం.

"నిన్న పొరపాటైంది అత్తయ్యా."

ఆమె అన్నం ముగించి, చేయి కడుక్కుని, అతన్ని మిర్చి కళ్ళం వైపు రమ్మంది. ఉదయశ్రీ గుడిసె గుంజ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"నువ్వు మంచి పిల్లాడివి. నీ మీద నాకేం లేదు," అంది సుబ్బరత్నం. "మా అక్కని ఈ అవతలి ఒడ్డుకే ఇచ్చారు. ఎనభై ఆరు వరదలో మా అమ్మ మంచాన పడింది. పెద్దదాన్ని పిలవండి, పెద్దదాన్ని పిలవండి అని అంటూనే ఉంది. రోడ్లు మునిగిపోయాయి. వంతెన ఇవతల బస్సుల్ని ఆపేశారు. అక్క అవతలే ఏడుస్తూ కూర్చుంది. నీళ్ళు తీశాక అక్క వచ్చేసరికి అమ్మ లేదు. నాకున్నది ఒక్కతే పిల్ల బాబూ."

జయప్రకాశ్ తల వంచుకుని విన్నాడు.

అంతలోనే గాలి లేచింది. ముందు ఇసుక. తర్వాత పడమట నల్లటి మబ్బు. గుడిసె మీది తాటాకు ఒకటి ఎగిరిపోయింది.

"నాన్న!" అని అరిచింది ఉదయశ్రీ. "నాన్న ఎక్కడ?"

అన్నం తిన్న వెంటనే వెంకటనారాయణ, ఈ మాటల మధ్య ఉండలేక, చిన్న దోనె తీసుకుని పొద్దున పోయిన చేప కోసం ఒక్కడే ఎగువకి వెళ్ళాడు.

జయప్రకాశ్ పరుగెత్తాడు. పడవ తాడు విప్పి, గెడ చేత్తో పట్టుకుని దూకాడు. వెనకే వచ్చిన సుబ్బరత్నం నోటిదాకా వచ్చింది ఆ మాట. కొంగుతో నోరు గట్టిగా అదిమి పట్టుకుంది. తల్లి చేయి పట్టుకున్న ఉదయశ్రీ కూడా పెదాలు బిగించుకుంది. పడవ వెళ్ళిపోయింది. అలల మీద లేచి, పడి, వాన తెరలో కనిపించకుండా పోయింది.

ఇద్దరూ ఇసుకలో తడుస్తూ నిలబడ్డారు. జంపక్క లోపలికి రమ్మని చేయి లాగినా కదల్లేదు. ఉరుము ఉరిమినప్పుడల్లా సుబ్బరత్నం కూతురి మణికట్టు ఇంకాస్త గట్టిగా నొక్కుతోంది. ఉదయశ్రీ నీళ్ళని చూస్తోంది. తండ్రి కోసం ఏడుస్తోంది. తండ్రి కోసం మాత్రమే కాదని తల్లికి తెలుస్తోంది.

"అతను తెస్తాడమ్మా," అంది ఉదయశ్రీ.

"నీకెట్లా తెలుసు?"

"తెలుసు. అంతే."

వాన పలచబడ్డాక దిబ్బ పక్కన ముందు గెడ కనిపించింది. తర్వాత పడవ. వెనక తాడుతో కట్టిన దోనె. పడవ మధ్యలో ముద్దగా తడిసిన వెంకటనారాయణ కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో ఒక బొచ్చె చేపని గుండెలకి అదుముకున్నాడు.

"దోనె తిరగబడింది గానీ చేపని మాత్రం వదల్లేదే!" అన్నాడు వణుకుతూ.

"ఆ చేపతోనే కాపురం చెయ్యండి ఇక!" అని సుబ్బరత్నం తిట్టింది. తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన చొక్కా విప్పించింది.

తర్వాత తువ్వాలు తీసుకుని జయప్రకాశ్ దగ్గరికి వచ్చింది. తనే అతని తల తుడిచింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు.

"మధ్యాహ్నం నన్నేమని పిలిచావు?"

"అత్తయ్యా అని."

"అట్లాగే పిలువు. కానీ నా మాట ఒకటి. కాపురం ఇవతల పెట్టాలి. పాల్వంచలో కంపెనీ క్వార్టరు తీసుకో. మీ అమ్మానాన్నల్ని కూడా ఇవతలికే తీసుకురా, వానలు ముదరకముందే. నీళ్ళకి అటొకరూ ఇటొకరూ అన్న మాట మా ఇంట్లో మళ్ళీ ఉండకూడదు. అప్పుడు శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుందాం."

"తెస్త అత్తయ్యా. అందర్నీ ఇవతలికే తెస్త."

గుడిసె చూరు నుంచి కారుతున్న నీళ్ళ కింద ఉదయశ్రీ చేతులు చాపి నిలబడి ఉంది. అతను పక్క నుంచి వెళ్తూ, "ఇప్పుడు చెల్లెలివి కాదు," అన్నాడు.

"ఇంకా ఏమీ కాలేదు. శ్రావణం రానీ," అంది ఆమె, దోసెడు నీళ్ళు అతని మీద చల్లి.

ఆ వేసవంతా ఫోన్లే. సెకండ్ షిఫ్టు దిగాక అతను చేసేవాడు. క్వార్టరుకి పేరు రాయించానని ఒకసారి, కిటికీ ముందు వేపచెట్టుందని ఒకసారి, వంటింట్లో ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయని ఒకసారి.

"అయితే పెద్ద వంటిల్లున్న క్వార్టరు తీసుకోండి."

"ఎందుకు? తగలనీ."

క్వార్టరు చేతికొచ్చేసరికి జూలై చివరైంది. మంచి రోజు చూసి పాలు పొంగించాలని బాలకృష్ణ నాలుగు రోజులు ఆగాడు. అప్పటికి పైన వానలు పట్టాయి. గోదారి ఎర్రబడి, రేవు మెట్లు మునిగాయి. జయప్రకాశ్ సెలవు పెట్టి ఊరికి బయలుదేరుతూ ఫోన్ చేశాడు.

"నీళ్ళు తగ్గాక తీసుకురావచ్చు గదా?" అంది ఉదయశ్రీ. "అమ్మతో నేను చెబుతా."

"వద్దు. అత్తయ్య చెప్పిందే నిజమయ్యేటట్టున్నది. రోడ్డు మునిగితే మా అమ్మానాన్న ఆడ, మనం ఈడ. మాటిచ్చిన కదా ఉదయా. పొద్దుగూకకముందే తెస్త."

సుబ్బరత్నం ఫోన్ అందుకుంది. "జాగ్రత్త బాబూ. సామాన్లు పోతే పోనీ, మనుషులు రండి."

"సరే అత్తయ్యా."

అతను తల్లినీ తండ్రినీ వంతెన మూసేలోపు జీపు ఎక్కించాడు. కొట్టంలో గేదెలు కట్టేసి ఉన్నాయని, వాటి తాళ్ళు విప్పి వెనకాల జీపులో వస్తానని వాళ్ళతో చెప్పి ఊళ్ళోకి తిరిగి వెళ్ళాడు. బాలకృష్ణ, ఆయన భార్య యశోద చీకటి పడకముందే పాల్వంచ క్వార్టరుకి చేరారు. వెంకటనారాయణ, సుబ్బరత్నం, ఉదయశ్రీ అప్పటికే అక్కడికి వచ్చి, పొయ్యి వెలిగించి, అన్నం వండి ఉంచారు.

జయప్రకాశ్ మాత్రం ఆ వరదలోంచి ఇక తిరిగి రాలేదు. అది రెండువేల ఆరు, ఆగస్టు ఐదు, శనివారం.