చీఫ్ గొంతు

"పడవ కదిలిందంటే ప్రొఫెసర్ రవిశంకర్ ఇక మనకు దక్కరు, కిరీటీ."

తెనాలి స్టేషన్‌లో అరటిపళ్లు బేరమాడుతున్నట్టు నటిస్తూ చీఫ్ నిర్మల అన్న మాట అది. మెదడులో భయం పుట్టే చోటును మందుతో ఆడించే పద్ధతి కనిపెట్టాడు రవిశంకర్. దానికోసం ఒక విదేశీ ముఠా ఆయన్ను ఎత్తుకుపోయి, మతిచలించిన రోగి అని పేరుపెట్టి, పడవలో దేశం దాటించేదాకా బాపట్లలో ఓ ప్రైవేట్ క్లినిక్‌లో దాచింది. అక్కడి డాక్టర్ హాసిని మన ఏజెంటే. కిరీటి రోగి వేషంలో చేరాలి. చెవిలో కందిగింజంత రిసీవర్, అందులో చీఫ్ గొంతు.

హాసిని నవ్వుతూ ఎదురొచ్చింది. అంత అందగత్తె నవ్వితే ఎవరు అనుమానిస్తారు? స్కాన్ తీసింది, కాఫీ ఇచ్చింది. కాఫీ తాగిన కిరీటి స్పృహ తప్పాడు. లేచేసరికి ఒంట్లో సత్తువ లేదు.

"మీరు ఏజెంట్ కాదండీ," అంది మెత్తగా. "మీవాళ్లే తెచ్చి చేర్పించారు. ఇదిగో స్కాన్‌లో మీ హిప్పోకాంపస్, మెదడులో జ్ఞాపకాలుండే చోటు, ఉండాల్సినదానికన్నా చిన్నది. మీ నాన్నగారికీ గొంతులు వినిపించేవటగా?"

"మరి ఈ రిసీవర్?"

"పాత చెవిటిమిషన్ ముక్కండి. బ్యాటరీ కూడా లేదు."

నమ్మించి నట్టేట ముంచడమంటే ఇదే. గూఢచారికి భయముండదని ఎవరన్నారో గానీ, వాళ్లు కిరీటిని ఎరగరు. వాళ్ల నాన్న ఆఖరి రోజుల్లో పాడైపోయిన రేడియోతో మాట్లాడేవాడు. తనకూ అదే రాసిపెట్టి ఉందని కిరీటి చిన్నప్పట్నుంచీ లోలోపల చస్తూనే ఉన్నాడు.

ఆమె వెళ్లాక చెవిలో గొంతు పలికింది. "హాసినీ, ప్రొఫెసరూ ఉన్న అంబులెన్స్ రేపల్లె వైపు మళ్లింది. అక్కణ్ణించి రేవుకి. కదులు."

తూలుతూనే కిటికీ దూకి, గేటు కాపలావాడి పిస్టల్ లాక్కుని, కాంపౌండర్ బండి ఎత్తుకుపోయాడు. ఇది చీఫా, జబ్బా? దారి పొడవునా అదే నరకం.

రేపల్లె దాటాక రేవులో, స్ట్రెచర్ అప్పటికే పడవెక్కింది. కిరీటి పిస్టల్ ఎత్తాడు. గట్టుమీద హాసిని బెదరలేదు.

"కాల్చండి. ఏదో గొంతు చెప్పిందని అమాయకుల్ని చంపానని రేపు మీరే ఏడుస్తారు."

పిస్టల్ దించాడు. పడవ ఇంజన్ స్టార్టయింది. కిరీటికి ఏడుపొచ్చింది. పక్కన చేపలబుట్ట ముందు కూర్చున్న ముసలి అచ్చమ్మ దగ్గర కూలబడి, రిసీవర్ తీసి ఆమె చెవిలో పెట్టాడు.

"పిన్నీ, నీకేమన్నా వినబడుతుందా? నిజం చెప్పు."

అచ్చమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఎవరో ఆడమనిషి తిడతందయ్యా. ఇంజన్ కాల్చు, సన్నాసీ అంటంది. నిన్నేనా?"

పిస్టల్ పేలింది. ఇంజన్ పొగలు కక్కి ఆగిపోయింది. రేవు జనం పడవనీ హాసినినీ చుట్టుముట్టారు.

గట్టుకు చేరిన ప్రొఫెసర్ హాసిని సంచిలోంచి జారిన కిరీటి స్కాన్‌ను మగతగా చూశాడు. "హిప్పోకాంపస్ చిన్నదే బాబూ. ఇలాంటి మెదడుతో జబ్బుపడ్డవాళ్లున్నారు, హాయిగా బతికినవాళ్లూ ఉన్నారు. ఒక్క ఫొటో చూసి మనిషి జాతకం చెప్పకూడదు."

కిరీటి కళ్లు తుడుచుకున్నాడు.

"అబ్బాయ్," అంది అచ్చమ్మ, "ఆవిడింకా తిడతానే ఉంది. ఏం చెప్పమంటావ్?"

"వింటున్నానని చెప్పు, పిన్నీ."