పాత బోరు మూసిన సాయంత్రం

మా ఫ్యాక్టరీ చుట్టూ గాలి ఎప్పుడూ పులిసిన గంజి వాసన వేస్తుంది. మేట్టుపాళయం రోడ్డు వదిలి తూర్పుకి తిరిగితే మొక్కజొన్న చేల మధ్య తెల్లటి ట్యాంకులు కనబడతాయి. అక్కడ నూకలూ మొక్కజొన్నా పులియబెట్టి ఇథనాల్ తీస్తారు. పులిసేటప్పుడు పైకొచ్చే కార్బన్ డయాక్సైడ్ గ్యాసును గాలిలోకి వదలకుండా, లోతుగా బోరు తవ్వి రాతిపొరల కింద దాచాలని కొత్తగా పని మొదలైంది. ఆ పనిలో నేను జియాలజిస్టుని. పేరు శరత్‌కుమార్.

తవ్వకానికి అనుమతి ఒక షరతు మీద వచ్చింది. చుట్టుపక్కల పాడుపడ్డ బోర్లన్నీ వెతికి సిమెంటుతో మూసెయ్యాలి. లేకపోతే కింద దాచిన గ్యాసు వాటిలోంచి పైకి తన్నుకొస్తుంది. అన్నీ మూశాం. ఒక్కటి మిగిలింది. మునిసామి గారనే రైతు చేలోది.

ఆ బోరులో నీళ్లు పడలేదు. కొన్నేళ్ల కిందట వాళ్ల పాప గోపిక ఆడుకుంటూ అందులో జారిపోయింది. ఒక్కతే బిడ్డ. పక్కనే గొయ్యి తవ్వారు, తాళ్లు వదిలారు. పాప ఇంకా కిందికి జారిందే గానీ చేతికి అందలేదు. చివరికి అందరూ తలలు వంచుకుని వెళ్లిపోయారు. తల్లి పొన్నమ్మాళ్ ఆ బోరును పూడ్చనివ్వలేదు. ఒక రాతిపలక మాత్రం కప్పారు, అదీ ఓరగా.

వాళ్లూ మాలాగే, తమిళం మాట్లాడే ఈ ప్రాంతంలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. అందుకని ఆఫీసు నన్ను పంపింది. పొన్నమ్మాళ్ మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. గ్యాసు సంగతి చెబితే అడ్డు చెప్పకుండా విన్నది. తర్వాత నన్ను బోరు దగ్గరికి తీసుకెళ్లి, పలక సందు మీద నా చెయ్యి పెట్టించింది. వెచ్చటి గాలి తగిలింది. ఊపిరిలాగే.

బయటి గాలి ఒత్తిడి మారినప్పుడల్లా పాత బోర్లు అలా గాలి వదిలి పీల్చుకుంటాయని చెప్పాను.

"సాయంత్రం బయటికొస్తాది తంబీ. తెల్లారితే లోపలికి పోతాది," అంది ఆవిడ.

జీపు దాకా మునిసామి గారు నాతో వచ్చారు. తన భార్య ఇన్నేళ్లుగా ఒక్క రాత్రీ సరిగ్గా నిద్రపోలేదనీ, దీనికో ముగింపు ఉండాలనీ మెల్లిగా చెప్పారు. ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు వచ్చి మూసెయ్యమన్నారు. కళ్లతో చూస్తే తట్టుకోలేదట.

మేము వెళ్లింది మబ్బు పట్టిన ఓ సాయంత్రం. దూరంగా నీలగిరి కొండలు నల్లబడుతున్నాయి. ఇంట్లో దీపం వెలిగింది. లోపల పొన్నమ్మాళ్ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు సన్నగా వినబడింది. వంటింటి వైపు పొగ లేస్తోంది. పలక జరిపాం. సిమెంటు పొయ్యడానికి ముందు అడుగు ఎలా ఉందో చూడాలి కాబట్టి కేబుల్‌కి కెమెరా కట్టి లోపలికి వదిలాం. మునిసామి గారు నా భుజం పక్కన నిలబడి స్క్రీను చూస్తున్నారు. చేతిలో మడతపెట్టిన తెల్లగుడ్డ ఉంది. ఎముకలేవైనా దొరికితే మూట కట్టుకుపోయి, జరగకుండా మిగిలిపోయిన కర్మ చేద్దామని ఆయన ఆశ.

రాయి... వేళ్లు... మళ్లీ రాయి. చివరికి అడుగు వచ్చింది. పొడి ఇసుక.

అంతే. ఏమీ లేదు. ఎముక లేదు, గౌను గుడ్డ పీలిక లేదు. ఇసుక మాత్రం మధ్యలో గుండ్రంగా అణిగి ఉంది. ఎవరో ముడుచుకుని పడుకుని, ఇప్పుడే లేచి వెళ్లినట్టు.

"ఏమన్నా ఉండాదా?" అని గుసగుసగా అడిగారు ఆయన.

లేదన్నాను. ఆయన ఆ గుడ్డను ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి, పొయ్యమని చేత్తో సైగ చేశారు.

సిమెంటు దిగుతోంది. గొట్టం చప్పుడు తప్ప ఏదీ వినబడలేదు. బోరు నిండి, బూడిదరంగు ముద్ద అంచుకి వచ్చింది. గొట్టం తీసేశాం.

అప్పుడు వినబడింది... పరుగు.

ఇంటి వైపు నుంచి. చిన్న పాదాలు. చెప్పుల్లేని పాదాలు. మొక్కజొన్న ఆకులు రెండు పక్కలా కదులుతున్నాయి. గాలి లేదు. అడుగులు దగ్గరికి వచ్చాయి. నా మోకాలి పక్కనుంచి చల్లగా ఏదో దాటింది. కొబ్బరినూనె వాసన... బోరు అంచున ఆగిపోయింది.

ఎవరూ లేరు.

తర్వాత తడి సిమెంటు మీద చప్పుడు. అరచేతులతో తలుపు తట్టినట్టు. ఒకసారి... ఇంకోసారి... సిమెంటు మీద మాత్రం చిన్న గుంట కూడా పడలేదు.

వెనకాలే పొన్నమ్మాళ్ పరిగెత్తుకొచ్చింది. చేతికి అన్నం మెతుకులు అంటుకునే ఉన్నాయి. సిమెంటును చూసి, దాని పక్కనే కూలబడింది.

"పాప ఇంట్లో ఉండాది తంబీ," అంది. "దీపం పెట్టే వేళకు వస్తాది. తిని, నా పక్కన పండుకోని, తెల్లారితే పోతాది. ఇప్పుడు యాడికి పోవల్ల?"

మునిసామి గారు భార్య ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఆవిడ ఎంగిలిచేతిని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

ఆ సిమెంటు పగలగొట్టించాలని నేను ఆఫీసులో మాట్లాడాను. కారణం ఏం చెప్పాలో తెలియలేదు. ఆఫీసు ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు ఒకసారి మునిసామి గారింటికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. లోపల గదిలో ఓ బిడ్డ ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన ఏడుపు. పగలు కూడా ఆగడం లేదని మునిసామి గారు అన్నారు. ఇప్పుడు ఆయనకీ వినబడుతోంది. ఎత్తుకుందామంటే చేతికి అందదట.

ఆ తర్వాత ఓ రోజు ఏడుపు ఆగిపోయిందని కబురు పంపారు. ఇంట్లో పాప లేదట.

ఈలోగా మా కొత్త బోరు పూర్తయింది. చుట్టూ కంచె, పైన బిగించిన ఇనప మూత. నిన్న గేటు దగ్గర కాపలా ఉండే కణ్ణన్ నన్ను ఆపాడు. దిండిగల్ మనిషి, తమిళం తప్ప మరొకటి రాదు. చీకటి పడే వేళకి ఓ చిన్నపిల్ల కంచె లోపల తిరుగుతోందనీ, దగ్గరికి వెళ్తే కనబడదనీ, ఒకే మాట మళ్లీ మళ్లీ అడుగుతుందనీ చెప్పాడు. ఆ మాటను నోట్లో జాగ్రత్తగా కూడబలుక్కుని పలికాడు.

"'దోవ యాడుండాది' అంటే ఏంటి సార్?"

నేను కంచె లోపలికి చూశాను.

"అలా అడిగి, ఆ ఇనప మూతకి చెవి ఆనించి కూర్చుంటుంది సార్," అన్నాడు కణ్ణన్. "కిందినుంచి ఎవరో చెబుతున్నట్టు... వింటూ తలాడిస్తుంది."