వెళ్ళొస్తానమ్మా

రెండు ఊళ్ళకీ మధ్య పాత రోడ్డు మీద మూతబడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. దానికి మంచి పేరు లేదు. అక్కడ ఒకసారి ఆగినవాడు రెండోసారి తప్పకుండా వెళ్తాడట... ఆ రెండోసారి మాత్రం ఇంటికి రాడట. నమ్మేవాళ్ళు నమ్ముతారు, మిగతావాళ్ళు నవ్వుతారు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మన తొందర నవ్వే రకం.

తొందర అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరే. కూర్చుని తినమంటే నిలబడి తినే మనిషి మరి. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఎందరికి మొక్కితేనో, పక్క ఊరి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజు పొద్దున, ఆ రాత్రికి తల్లీబిడ్డల్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చని డాక్టరమ్మ చెప్పింది.

మధ్యాహ్నం అక్క భోజనాల బల్ల మీద రెండు గ్లాసులు పెట్టింది. ఇది మన ఊరు, ఇది ఆ ఊరు అంటూ చెంచాతో దారి గీసి చూపించింది. వెళ్ళడమైనా రావడమైనా కొత్త రోడ్డు మీదే, చుట్టయినా సరే అని మరీ మరీ చెప్పింది. అతను సరేసరే అంటూనే తాళాలు అందుకున్నాడు. అక్క మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం చిన్నప్పటి అలవాటు.

దుకాణం కట్టేసేసరికి పొద్దుగూకింది. ఆలస్యమైందని పాత రోడ్డే పట్టాడు. సరిగ్గా బంకు ముందు... కారు వేడెక్కి ఆగిపోయింది.

దిగి చూస్తే చీకటి గదిలోంచి ఒక ముసలావిడ వస్తోంది. అడక్కుండానే చెంబుతో నీళ్ళు అందించింది. ఎక్కడికి నాయనా అంటే, సంతోషం పట్టలేక భార్య గురించీ పాప గురించీ అంతా చెప్పేశాడు. ఇంజను చల్లబడింది. కారు కదిలింది.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాడు.

"ముగ్గురూ రండి," అందావిడ... మెల్లగా.

ఆసుపత్రికి చేరగానే అక్కకి ఫోన్ చేసి, నీ దెయ్యం నాకు నీళ్ళిచ్చిందంటూ గొప్పలు పోయాడు. అక్క నవ్వలేదు. బయల్దేరేటప్పుడు ఆవిడతో ఏమన్నావని మాత్రం అడిగింది.

ఏమంటాడు? పోతున్నానంటే మొట్టికాయలు తిని పెరిగిన నోరు. వెళ్ళొస్తాననే అంటుంది.

"ఒరేయ్... తిరిగొస్తానని మాటిచ్చావురా," అంది అక్క. "అక్కడ ఆగినవాళ్ళంతా ఆ మాటే అని వస్తారు."

అప్పుడు భయమేసింది అతనికి. తన గురించి కాదు. గాజు తలుపు అవతల భార్య పాపకి టోపీ తొడుగుతోంది.

మాటిచ్చింది నేను, చెల్లించేదీ నేనే అనుకున్నాడు. కారు బాగాలేదని అబద్ధమాడి వాళ్ళిద్దర్నీ ఆసుపత్రిలో తోడున్న బావమరిది కారెక్కించాడు. కొత్త రోడ్డు మీదే వెళ్తానని వాడిచేత ఒట్టు వేయించుకున్నాడు. పాప నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఎప్పుడూ లేనిది, ఆ రాత్రి పాత రోడ్డు మీద నెమ్మదిగా నడిపాడు.

బంకు ముందు ఆపి దిగాడు. ఆవిడ నిలబడే ఉంది.

"వచ్చానమ్మా... నేనొక్కణ్ణే. వాళ్ళ జోలికి పోకు," అన్నాడు.

ఆవిడ అతని వంక చూడలేదు. రోడ్డు వైపే చూస్తోంది.

ఫోన్ మోగింది — భార్య.

"ఏవండీ, కొత్త రోడ్డు మీద లారీ బోల్తా పడిందట. అందర్నీ ఇటు మళ్ళించారు. తమ్ముడి కారు కూడా వేడెక్కిపోయింది... అదిగో, మీ కారు కనిపిస్తోంది. ఎవరో పెద్దావిడ రమ్మంటోంది, పాపని తీసుకుని దిగుతున్నా."

వద్దని అరవబోయాడు. ముసలావిడ అప్పటికే రెండు చేతులూ చాచుకుని రోడ్డు దాటుతోంది.