కాలింగ్ బెల్లుతో లేచే కంప్యూటర్

"లేస్తుంది. ఫ్యాను తిరుగుతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఠప్పున ఆగిపోతుంది," అంది ఫోన్‌లో ఆమె.

కంప్యూటర్ల జబ్బులు వినడం అతనికి రోజూ ఉండే పనే. ఆ గొంతు వినడం మాత్రం కొన్నేళ్ళ తర్వాత ఇదే మొదటిసారి.

"హలో! వింటున్నావా, నువ్వూ ఆగిపోయావా?"

"వింటున్నానండీ. దుమ్ము పట్టి వేడెక్కితే అలాగే ఆగిపోతుంది. మీరు ఒకసారి..."

"మీరా? నేనెప్పుడు మీరయ్యాను?"

"అంటే... చాలా రోజులైంది కదా అని."

"రోజులు గడిస్తే మర్యాద పెరుగుతుందన్నమాట. బాగుంది! సరే, వేడి కాదు. పొద్దున్న చల్లటి మిషనే మొదటిసారికే ఆగిపోయింది. ఇంకో విచిత్రం విను. బెల్లు నొక్కక్కర్లేదు. గోడ స్విచ్ వెయ్యగానే దానంతట అదే లేస్తోంది, దానంతట అదే పడుకుంటోంది."

అతను కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"మూత తీశావా?" అన్నాడు. మర్యాద ఎగిరిపోయింది.

"లేదు."

"తియ్యకు. నేనొస్తున్నా."

అతనికంత కంగారెందుకో తెలియాలంటే ముందు ఆ బెల్లు సంగతి తెలియాలి.

అప్పట్లో అతను బాబాయి గారి టైపింగ్ సెంటర్లో రిపేర్లు చూసేవాడు. ఆయన ఆమెకి సొంత బాబాయి, వీధిలో మిగతా అందరికీ వరసతో పని లేకుండా బాబాయి. ఆమె టైపు చేసేది. అందరూ అమ్మడు అని పిలిచేవారు. ఇక అతను ఏ మిషను విప్పి బిగించినా చివరికి చేతిలో ఒక స్క్రూ మిగిలిపోయేది. అందుకని ఆమె అతనికి 'స్క్రూ' అని పేరు పెట్టింది. అది అతికినట్టు సరిపోయింది, ఏం చేస్తాం!

ఒక వానాకాలం మధ్యాహ్నం, కొట్టు నిండా ఉద్యోగం దరఖాస్తుల వాళ్ళు. ఆ రోజే ఆఖరి తేదీ. సరిగ్గా అప్పుడే పెద్ద మిషను పవర్ బటన్ విరిగి ఊరుకుంది. అతను మూత విప్పాడు. బోర్డు మీద రెండు సన్నని ముళ్ళు ఉంటాయి, బటన్ చేసేదల్లా ఆ రెంటినీ ఒక్క క్షణం కలిపి వదలడమే.

"సన్నటి ఇనప ముక్కేదైనా ఉందా?" అని అరిచాడు.

ఆమె తలలోంచి హెయిర్‌పిన్ను లాగి ఇచ్చింది. ఒక పాయ జారి నుదుటి మీద పడింది. అతను పిన్నుతో ఆ ముళ్ళు తాకాడు. మిషను గుర్రుమంటూ లేచింది. జనం చప్పట్లు కొట్టారు. అతను మాత్రం ఆ పాయ వంకే చూస్తున్నాడు.

తర్వాత అదే అలవాటయింది. పొద్దున్నే ఆమె పిన్ను తీసి ఇవ్వడం, అతను మిషను లేపి తిరిగి ఇవ్వడం. ఇచ్చి పుచ్చుకునేటప్పుడు వేళ్ళు తగిలీ తగలనట్టు తగిలేవి. ఎన్ని ఉద్యోగాలు చేసినా అతనికి మళ్ళీ అలాంటి పొద్దులు దొరకలేదు.

"ఏమిట్రా ఈ పిన్నుల వైద్యం!" అని బాబాయి ఒకరోజు విసుక్కున్నాక అతను ఒక కాలింగ్ బెల్లు స్విచ్ కొనుక్కొచ్చి బల్ల అంచున బిగించాడు. దాని వైర్ల కొసలు ఒలిచి ఆ ముళ్ళకి చుట్టాడు. బెల్లు నొక్కితే కంప్యూటర్ లేస్తుంది. వీధంతా వచ్చి చూసిపోయింది. పిన్నుకి మాత్రం పని పోయింది.

ఆ రోజు అతను పిన్ను తిరిగి ఇవ్వలేదు.

"నా పిన్నేది? అమ్మమ్మ ఇచ్చిన జత అది."

"ఎక్కడో పడిపోయిందనుకుంటా."

"అనుకుంటావా? ఒకరి వస్తువంటే నీకు అంతేనా?"

మూతి ముడుచుకుని వారం పాటు మాట్లాడలేదు ఆమె. పిన్ను ఎక్కడికీ పోలేదు. నల్ల టేపు వేసి మిషను మూత లోపలివైపు అంటించాడు, ఈ మహానుభావుడు. తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. చివరి రోజు తీసుకుపోదామంటే ఆమె ఆ మిషను ముందు నుంచి లేవనే లేదు.

ఇదీ సంగతి. మళ్ళీ ఈ ఊరికి బదిలీ అయి వచ్చి నెలైంది. అటువైపు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఆ టేపు ఊడింది. పిన్ను పోయి ముళ్ళ మీద పడింది. పడితే బటన్ నొక్కి పట్టుకున్నట్టే, మిషను లేచినట్టే లేచి ఆగిపోక ఏం చేస్తుంది?

అతను వెళ్ళేసరికి సన్నగా వాన మొదలైంది.

"రావోయ్ రా! దారి ఇప్పటికి గుర్తొచ్చిందా?" అన్నాడు బాబాయి గల్లా పెట్టె దగ్గర నుంచి. "కొత్త మిషను తెచ్చేస్తున్నా. సాయంత్రం పాత సామాన్లవాడు దీన్ని పట్టుకుపోతాడు. ఈలోపు ఒక్కసారి లేపు, ఫైళ్ళు తీసుకోవాలిట. ఇక ఈ పిల్ల సంగతి కూడా ఆదివారంతో తేలిపోతుంది. మంచి సంబంధం. ఇన్నాళ్ళూ వచ్చినవన్నీ వద్దంది, దీనికి ఆలోచిస్తానంది. అదే పదివేలు!"

అతనికి చేతిలో స్క్రూడ్రైవర్ బరువెక్కింది.

లోపలి గదిలో ఏమీ మారలేదు. అదే బల్ల, అదే కాలింగ్ బెల్లు. పడుకోబెట్టిన సీపీయూ, దాని మీద మానిటర్. పక్కన ఆమె, తలలో ఒకే ఒక్క పిన్నుతో.

అతను మానిటర్ దించి స్క్రూలు విప్పాడు. "కాస్త మంచినీళ్ళు తెస్తావా?"

"సీసా నీ పక్కనే ఉంది."

"బ్రష్షు?"

"నీ సంచీలో కనిపిస్తూనే ఉంది."

"టార్చి?"

ఆమె ఫోన్ లైటు వేసి అతని నెత్తిన నిలబడింది. ఇంక చేసేదేముంది! భుజం అడ్డం పెట్టి మూత లేపాడు. అనుకున్నంతా అయింది. పిన్ను రెండు ముళ్ళ మీద అడ్డంగా పడి ఉంది. తీసి గుప్పిట్లో దాచుకుని బెల్లు నొక్కాడు. మిషను గుర్రుమంటూ లేచింది, ఈసారి ఆగలేదు.

"ఏమైంది దీనికి?"

"దుమ్ము."

"దుమ్మా?"

"బాగా దుమ్ము."

ఆమె లైటు ఆర్పేసింది. అతను మూత చేతిలోకి తీసుకుని తిప్పాడు, అక్కడే ఆగిపోయాడు. తను వేసింది నల్ల టేపు. అక్కడ వేలాడుతున్నది పార్సిల్ కవర్లకి అంటించే తెల్ల టేపు. దాని కింద ఇంకో పొర, ఆ కింద మరొకటి.

"ఈ టేపు నాది కాదు," అన్నాడు మెల్లగా.

"నీది ఎప్పుడో ఊడింది. నువ్వెళ్ళిన ఏడాది వేసవిలోనే. దుమ్ము దులుపుదామని మూత తీస్తే నా పిన్ను కనిపించింది. ఎక్కడో పడిపోయిందన్న పెద్దమనిషి, దానికి టేపేసి మరీ పడేసుకున్నాడు!"

"మరి అడగలేదేం?"

"నేనడగాలా? దాచుకున్నది నువ్వు, చెప్పాల్సింది నువ్వు. చివరి రోజు ఈ కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నా, ఏదో ఒకటి చెప్తావేమోనని. వెళ్ళొస్తానండీ అని చెప్పి పోయావు. ఆ తర్వాత అది ఊడిపోబోయినప్పుడల్లా టేపు మారుస్తూ కూర్చున్నాను, పిచ్చిదాన్ని." వేలాడుతున్న టేపుని ఆమె లాగేసింది. "ఈసారి మార్చలేదు. ఊడితే ఊడనీ, ఊడిన రోజున బాబాయికి సరేనని చెప్పేద్దామనుకున్నా. ఆ పిన్ను పోయి పోయి ఆ ముళ్ళ మీదే పడాలా? ఒక్క అక్షరం కొట్టనివ్వలేదు నన్ను! సరే, మూత నువ్వే తీస్తే అప్పుడైనా ఏం చెప్తావో విందామని పిలిచాను. దుమ్మట, దుమ్ము!"

అతను గుప్పిట విప్పాడు. చెమటకి పిన్ను తడిసిపోయింది.

"ఇచ్చేస్తే నాకు నీది ఏదీ మిగలదని ఇవ్వలేదు. అడిగితే ఏమంటావోనని భయం. నువ్వంటే ఇష్టం అమ్మడూ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆదివారం వాళ్ళకి సరేనని చెప్పకు."

ఆమె కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. వేళ్ళు తగిలాయి. ఈసారి ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు.

"అయిందా లేదా? సామాన్లవాడొచ్చాడు!" అంటూ బాబాయి తలుపు దగ్గరికొచ్చాడు.

"అతన్ని వెళ్ళిపొమ్మను బాబాయ్. మిషను ఇవ్వట్లేదు. ఆదివారం వాళ్ళని కూడా రావద్దను."

బాబాయి ఆమెని చూశాడు, అతన్ని చూశాడు, కలిసి ఉన్న చేతులు చూశాడు.

"ఓరి మీ దుంపతెగ! ఇంత చిన్న రిపేరుకి ఇన్నేళ్ళు పట్టిందట్రా నీకు?" అన్నాడు. విసుగు నటిద్దామనుకున్నాడు కానీ మొహం నిండా నవ్వే. "ఉండండి. అమ్మడూ, మీ అమ్మకి ఫోన్ చేస్తా," అంటూ గల్లా దగ్గరికి పరుగులాంటి నడక నడిచాడు.

ఆమె పిన్నుని దాని జత పక్కన పెట్టుకుంది. అతను మూత బిగించాడు. అంతా అయ్యాక బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది.

"ఇదేమిటి?"

"అది రేపొచ్చి బిగిస్తాను."

"పొద్దున్నే రా," అంది ఆమె, ఆ స్క్రూని తీసి దాచుకుంటూ. "బెల్లు నువ్వే నొక్కాలి."