రాతి మీద అవ్వ పేరు

ఒంటిపూట బడి వదిలినారు. స్తుతి నేరుగా నాగరాజ్ మామ బండల షెడ్డుకు పోయింది. ఆడ ఒక నల్లబండ మీద వాళ్ల అవ్వ పేరు సుద్దతో గీసి ఉండాది. అవ్వ సమాధికి పెట్టే బండ అది. ఇంగ్లీషులో ఉండాలని నాయిన ముచ్చటపడితే, ఆరో తరగతి స్తుతే పేరు కాగితం మీద తొందరగా గీకి ఇచ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదు పాపా. నువ్వు రాసిచ్చినట్టే దించినా. ఒకసారి చూసి చెప్పు. ఉలి పడినాక ఎవరూ ఏం చేయలేరు," అన్నాడు మామ.

బయట స్నేహితురాలు మహిమ తొక్కుడుబిళ్లకు పిలుస్తాంది. స్తుతి మనసంతా ఆ గడుల్లోనే ఉండాది.

"అంతా సరిగ్గానే ఉండాది మామా!" అని ఒకటే పరుగు. బండ వైపు చూస్తే ఒట్టు!

ఆదివారం ఆరాధన అయినాక సమాధుల కాడ బండ నిలబెట్టినారు. నాయిన ప్రకాశం కూలి మనిషి, బడి మొహం చూడలేదు. అక్షరాలన్నీ చేత్తో తడిమి, "మా పాప రాసిందప్పా!" అని అందరికీ చెప్తాండాడు.

స్తుతి అప్పుడు చూసింది. ఏసుమణి అనే అవ్వ పేరు స్మాల్ లెటర్‌తో మొదలైంది! వాక్యంలో యాడ వచ్చినా మనిషి పేరుకు కాపిటల్ లెటర్ పెట్టాలని, అది పేరుకిచ్చే మర్యాదని తనూజ టీచర్ ఎన్నిసార్లు చెప్పిందో! అవ్వను బతికినన్నాళ్లూ చేలల్లో అందరూ "ఏమే, ఒసే" అనే పిలిచినారు. ఇప్పుడు సొంత మనవరాలే ఆమెను రాతి మీద చిన్నచేసింది.

స్తుతి ఏడుస్తా నాయిన చేయి పట్టుకునింది. "నాయినా, అవ్వ పేరు తప్పు పడింది. మామ చూడమన్నాడు. నేను చూడకుండానే బాగుందని చెప్పినా."

నాయిన ముఖం వాడిపోయింది.

"పోనీలేమ్మా. మీ అవ్వకూ చదవను రాదు కదా," అన్నాడు.

తిట్టినా బాగుండేది. స్తుతికి ఏడుపు ఆగలేదు.

అక్షరం మార్చమని మామను బతిమాలింది. "చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏమొస్తాది పాపా? చెక్కింది చెరపలేను," అన్నాడు ఆయన.

సోమవారం బడి కాగానే స్తుతి మళ్లీ షెడ్డుకు పోయింది. ఎవరో తెలియని కుటుంబం బండ, సుద్దరాతతో ఉండాది. పుస్తకాల సంచి దించి, కాలే నేల మీదే దాని ముందు కూలబడింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతాంటే తుడుచుకుంటా ఒక్కో అక్షరం చదవబట్టింది.

"ఇంగ చెక్కేదా పాపా? ఆలస్యమైతాంది," అన్నాడు మామ.

"ఆగు మామా. ఇంకా రెండు పేర్లు చూడాల."