చేతి కొలత

మాది నకిరేకల్‌ల పెద్దరోడ్డు పక్కన కమ్మరోళ్ళ ఇల్లు. మా ఇంటాయన కాటమయ్య పోయినంక కొలిమి ఆరిపోయింది. ఆ కొలిమి గదిలనే మా కొడుకు దివాకర్ ఇప్పుడు ఫోనూ లైట్లూ పెట్టుకొని ఆన్‌లైన్‌ల పాత కత్తులు అమ్ముతడు. అవి జపాను దేశపు కత్తులు. ఎక్కడి జపాను, ఎక్కడి నకిరేకల్! దునియా ఎంత దగ్గరైందో అని నేను ముక్కు మీద వేలేసుకుంటుంటి.

ఆ వానకాలం వచ్చిన కత్తిని వాడు నా ముందలనే విప్పిండు. వెదురు చీల కొట్టి పిడి ఊడదీస్తే, లోపల దాగుండే ఇనుము బయటపడ్డది. దాన్ని మేం తోక అంటం.

"అసలుదా నకిలీదా అన్నది ఈ తోకే చెప్తదమ్మా. నల్లగ, నున్నగ తుప్పుంటే పాతది. ఎర్రగ పొడి రాలితే నిన్నమొన్న మందు పూసిన దొంగ తుప్పు."

"మరి అంచు మీద గీ తెల్లటి అల ఏంది రా?"

"కాల్చి నీళ్ళల్ల ముంచినప్పుడు పడ్తది. నకిలీగాళ్ళు యాసిడ్‌తోని గీస్తరు."

తోక మీద చేసినాయన పేరు చెక్కి ఉంది. అరవై దాటినంక మనుమరాలి పలక మీద అక్షరాలు దిద్దిన మనిషిని నేను. ఏ అక్షరం కనబడ్డా వేలు పెట్టి తడుముత. ఇవి మాత్రం తడి మన్నుల పిట్ట నడిచినట్టున్నయి. పేరు కింద ఒక్కటే బెజ్జం.

"ఒక్క బెజ్జమే ఉందంటే ఎవ్వరూ ముట్టలేదన్నట్టు," అని మురిసిండు దివాకర్. "పొట్టి మనిషి చేతికి పోతే తోక దిక్కు కోసి చిన్నగ చేస్తరు. అప్పుడు పేరు తెగిపోతది, కొత్త బెజ్జం పడ్తది."

"మీ బాపు గూడ అంతే గదరా. ఎవరి చేతికి అని అడగనిది కొడవలికి పిడి వేసేటోడు కాదు."

మా కమ్మరిండ్లల్ల ఒక కట్టుబాటుంది. పనిముట్టు చేయించుకునేటోళ్ళు ఇనుమును పిడికిట పట్టి చెయ్యి చాపాలె. అదే కొలత. పట్టినంక వద్దనరాదు. ఇనుముకు చెయ్యి చూపిస్తే మాట ఇచ్చినట్టే.

దివాకర్‌కు అవన్నీ ముసలి ముచ్చట్లు. కత్తి ఎంత పొడుగో ఫోటోల తెలవాలని తన ఏడేండ్ల బిడ్డ ప్రణీతను పిలిచి, ఉత్త తోకను పిల్ల పిడికిట పెట్టి, చెయ్యి చాపమని ఫోటో కొట్టిండు. నేను వంటింట్లకెళ్ళి వచ్చేసరికే అయిపోయింది.

"ఎంత పని జేసినవ్ రా!"

"పిల్ల పట్టుకుంటే కత్తేమన్న మింగుతదా అమ్మా?"

ప్రణీత నవ్వలే. "సల్లగుంది అవ్వా," అని పిడికిలి ముడుచుకొనే పోయింది.

తెల్లారి ముసురు పట్టింది. కోడలు మమత కాన్పుకని తల్లిగారింట్ల ఉండె. నేను బియ్యం ఏరుతుంటే కొలిమి గదిలకెళ్ళి చప్పుడు... గర్... గర్... ఆకురాయి పట్టి ఇనుము అరగదీసినట్టు. పోయి చూస్తే ఎవ్వరు లేరు. కత్తి పెట్టెకు తాళం వేసే ఉంది. కాలిన ఇనుము వాసన మాత్రం గుప్పున కొట్టింది. ఆరిన కొలిమికి వాసనెక్కడిది?

ఆ పొద్దే హైదరాబాద్ నుంచి ప్రేమ్‌సాగర్ సారు వీడియోల కత్తి చూసిండు. మంచిచెడ్డ తేల్చి కొనే మనిషి.

"ఇదేంది దివాకర్, రెండు బెజ్జాలున్నయి. పేరు సగమే ఉంది. ఫోటో ఒకటి, కత్తి ఒకటా?"

దివాకర్ మొఖంల నెత్తురు లేదు. "ఒక్కటే ఉండె సార్... నిన్న..."

"కోసిన కాడ దగ్గరగ చూపియ్యి." సారు మొఖం ఫోన్ల నిండేటట్టు దగ్గరికొచ్చి చూసిండు. "ఈ కోత నూరేండ్ల కిందిది. తుప్పు అసలుదే."

రాత్రికి రాత్రి పడ్డ కోతకు నూరేండ్ల తుప్పు!

పెట్టె అడుగున నల్లటి పొడి రాలి ఉంది. దివాకర్ అయస్కాంతం పెడితే మీసాల్లెక్క లేచి అంటుకుంది.

పగటియాల్లకు ప్రణీతకు జరమొచ్చింది. పిడికిలి విప్పదు.

"ఏమైంది బిడ్డా?"

"ఇంకొంచెమే ఉందన్నడు అవ్వా... అరగదీసే తాత."

"ఏ తాత?"

"కొలిమికాడ కూసుంటడు. కత్తి నా చెయ్యంత అయినంక నన్ను తోల్కపోతడట."

దివాకర్ ఆగలే. పిల్లను దవాఖానకు తీస్కపోదామని ఆటో కోసం వానలనే ఉరికిండు. అంతల కరెంటు పోయింది. పట్టపగలే ఇల్లు నల్లబడ్డది.

గర్... గర్... గర్...

ఈసారి ఆత్రంగ ఉంది. పిల్ల ఊపిరి ఆ చప్పుడుతోనే లేస్తాంది, ఆ చప్పుడుతోనే పడ్తాంది. సుత్తె తెచ్చి తాళం పలగ్గొట్టిన. చీల కొట్టి పిడి ఊడదీసిన. మూడు బెజ్జాలు. పేరు లేదు. ఉరికి పోయి పిల్ల చెయ్యి పక్కన పెట్టి చూసిన. ఇంక వెంట్రుకవాసే తేడా...

ఆకురాయి ఆగింది.

పిల్ల ఊపిరి ఆగింది.

కొలిమి గదిలకెళ్ళి ఎవరో గుసగుసగ అడిగిండ్రు.

"ఎవరి చేతికి?"

మా ఇంటాయన అడిగే మాటే. గొంతు మాత్రం ఆయనది కాదు.

తోకను నా పిడికిట పట్టిన. చెయ్యి చాపిన. "నా చేతికి... నా చేతికే చెయ్యి. పిల్లను ఇడిచిపెట్టు. నీ కాల్మొక్త..."

ఏ చప్పుడూ లేదు. వాన గూడ వినరాలే. తర్వాత సల్లటి వేళ్ళు నా పిడికిలి తడిమినయి. మోచెయ్యి... భుజం... నడినెత్తి దాక కొలిచి పోయినయి.

ప్రణీత దగ్గింది. పిడికిలి విప్పింది. "అవ్వా, ఆకలైతాంది."

నేను పిల్లను కడుపుల పెట్టుకొని ఎంత ఏడ్చిన్నో!

తర్వాత ఆ కత్తిని ప్రేమ్‌సాగర్ సారే కొన్నడు. అది మళ్ళ పొట్టిగ కాలేదట. పిల్ల బడికి పోతాంది, ఆడుకుంటాంది. నాకది చాలు. ఒక్కటి మాత్రం ఆ ఘడియల నాకు తట్టలే. ఇనుమును కోసి చిన్నగ చెయ్యొచ్చు గని, కోసినదాన్ని పెద్దగ చేసేటోడు ఎవ్వడు లేడు. ఇంక కొలత కుదరాలంటే తగ్గాల్సింది చెయ్యే.

ఈ నడుమ తలుపు గొళ్ళెం నాకు అందుతలేదు. గాజులు జారిపోతున్నయి. చీర కుచ్చిళ్ళు నేల మీద ఈడుస్తున్నయి. "ముసలితనమమ్మా, నడుము వంగింది," అంటడు దివాకర్. అవ్ కొడుకా అంట.

నిన్న వాకిట్లకు పోబోతు చీకట్ల చూడక ప్రణీత చెప్పులు ఏసుకున్న. సరిపోయినయి.

పొద్దున పక్క దులిపితే సన్నటి పొడి రాలింది. తెల్లగుంది. దివాకర్ అయస్కాంతం తెచ్చి పెట్టి చూసిన...

అంటలే.